సంఘం పుస్తకం మనమే చదువుకుందాం: పొదుపు మీటింగులో చదువు ఎలా మొదలుపెట్టాలి

ఇంటర్ చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా మా అమ్మ వాళ్ల పొదుపు సంఘానికి లెక్కల పుస్తకాలు రాసిపెట్టేదాన్ని. పదిమంది సభ్యులు. సంతకం అందరికీ వచ్చు, చదవడం మాత్రం ఇద్దరికే వచ్చు. ఒక నెల మా పక్కింటి పిన్ని కట్టిన 1,200 రూపాయల వాయిదాను పొరపాటున ఇంకొకరి పేజీలో ఎక్కించాను. పిన్ని పాసు పుస్తకంలో ఆ నెల గడి ఖాళీగా ఉండిపోయింది. మూడు నెలల తర్వాత లెక్క కుదరకపోతే నేనే వెతికి పట్టుకున్నాను. ఈలోగా పిన్ని ఆ పుస్తకాన్ని ప్రతి మీటింగుకూ తెచ్చింది, తీసుకెళ్లింది, గుడ్డలో చుట్టి బీరువాలో దాచుకుంది. "ఆ గడి ఖాళీగా ఉందని చూడలేదా పిన్నీ?" అని అడిగితే, "చూశానమ్మా. నువ్వు రాశావు గదా, ఖాళీగానే ఉండాలి కాబోలు అనుకున్నా" అంది.

ఆమె మీద అదనంగా పడిన వడ్డీ 36 రూపాయలే. తిరిగి ఇచ్చేశాం. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. రాసింది నేను కాబట్టి పొరపాటు బయటపడింది. కావాలని తప్పు రాసేవాళ్ల చేతిలో పుస్తకం ఉండి ఉంటే?

మీ అమ్మో అత్తో ఉన్న సంఘంలో చదువు మొదలుపెట్టాలని మీకుంటే, నేను చేసి చూసిన పద్ధతి ఇది. టీచర్ ట్రైనింగ్ అక్కర్లేదు. పది దాకా చదివిన కోడలైనా, డిగ్రీ చదువుతున్న కూతురైనా, పుస్తకాలు రాసే వీఓఏ (గ్రామ సంఘం సహాయకురాలు) అయినా చాలు.

ముందు సంఘం ఉండాలి

ఇది చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఒకే వాడలో, ఒకరినొకరు ఎరిగిన పది పన్నెండు మంది కలవండి. ఆంధ్రలో అయితే మండలంలోని వెలుగు ఆఫీసులో, తెలంగాణలో అయితే ఐకేపీ ఆఫీసులో, పట్నాల్లో అయితే మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) చెబితే సీసీ (సంఘాలను చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటర్) వచ్చి సంఘం పెట్టిస్తారు. సంఘం పేరున బ్యాంకులో ఖాతా తెరవాలి. పంచసూత్రాలు పాటించాలి: క్రమం తప్పకుండా మీటింగు, క్రమం తప్పకుండా పొదుపు, ఆ డబ్బు సభ్యులే అప్పుగా వాడుకోవడం, వాయిదా వేళకు కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఆరు నెలలు ఇవి సవ్యంగా నడిస్తే బ్యాంకు లింకేజీకి, అంటే సంఘం పేరున బ్యాంకు అప్పుకు, అర్హత వస్తుంది. సంఘాలకు బ్యాంకులు నేరుగా అప్పులివ్వడం 1992లో నాబార్డు ప్రయోగంగా మొదలైంది. అంతకు పదేళ్ల ముందే, 1982లో, పల్లె ఆడవాళ్ల సంఘాల కోసం డ్వాక్రా పథకం వచ్చింది. ఆ పథకం పోయి ఎన్ని పేర్లు మారినా మన ఊళ్లలో ఇప్పటికీ "డ్వాక్రా గ్రూపు" అనే అంటారు.

అయిదు సూత్రాల్లో మొదటి నాలుగూ సభ్యులే చేస్తారు. అయిదోది, పుస్తకాలు రాయడం, ఇంకెవరికో అప్పజెప్పేస్తారు. మన పనంతా ఆ అయిదోదాని మీదే.

వేరే బడి పెట్టకండి

మొదట నేను చేసిన తప్పు ఇదే. వారానికి మూడు రోజులు రాత్రి ఎనిమిదింటికి "అక్షర తరగతి" అని బోర్డు రాశాను. మొదటి వారం తొమ్మిది మంది, రెండో వారం నలుగురు, నాట్లు మొదలయ్యాక ఒక్కరూ లేరు. వాళ్లను తప్పు పట్టలేం. తెల్లారి నాలుగింటికి లేచిన మనిషి రాత్రి ఎనిమిదింటికి పలక పట్టుకుని ఎలా కూర్చుంటుంది?

పొదుపు మీటింగుకు మాత్రం వానొచ్చినా వస్తారు, అక్కడ డబ్బుంది కాబట్టి. అందుకే చదువును మీటింగులోనే పెట్టండి. మీటింగు గంట అయితే దానికి ముందు అరగంట కలపండి. నెలకు ఒక్క మీటింగే జరిగే సంఘమైతే రెండు చేసుకుందామని తీర్మానం చేయించండి. రెండు మీటింగుల మధ్య ఇంట్లో చేసుకునే చిన్న పని ఒకటి ఇవ్వండి. మూడు పదాలు చాలు, పేజీలు పేజీలు వద్దు.

చోటు ఎంచుకునేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. గుడి అరుగు చల్లగానే ఉంటుంది, కానీ కాలనీ నుంచి వచ్చే ఆడవాళ్లు అక్కడ మొహమాటంగా చివర కూర్చుంటారు. లీడరు ఇంటి వసారా అయితే లీడరు అత్తగారు ప్రతి మాటా వింటూ ఉంటుంది. అంగన్‌వాడీ సెంటరో బడి వరండానో అయితే అందరికీ సమానం. అందరూ గుండ్రంగా కూర్చోవాలి, ఎవరి వెనకా ఎవరూ ఉండకూడదు.

కళ్లద్దాలు

మా సంఘంలో ఒక పెద్దమ్మ "నా బుర్రకు ఎక్కదే" అని నెల రోజులు పలక ముట్టలేదు. ఒకరోజు మా నాయనమ్మ అద్దాలు పెట్టుకుని చూసి, "ఇంత పెద్దగా ఉన్నాయా అక్షరాలు!" అంది. నలభై దాటితే చాలామందికి దగ్గరి చూపు తగ్గుతుంది. సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలుస్తున్నారంటే అదే గుర్తు. చదువు రాదనుకునే వాళ్లలో ఎంతోమందికి అసలు అక్షరమే కనపడదు. తెలంగాణలో 2018లో కంటి వెలుగు శిబిరాలు పెట్టినప్పుడు దగ్గరి చూపు అద్దాల కోసం ఊళ్లు ఊళ్లే వరస కట్టాయి. పాఠం మొదలుపెట్టే ముందే అందర్నీ సూదిలో దారం ఎక్కించమనండి. ఎక్కించలేని వాళ్లను ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో కంటి శిబిరానికో తీసుకెళ్లండి. పలకల కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది దీనిమీదే.

మొదట అంకెలు, తర్వాత పేరు

అ ఆ ఇ ఈలతో మొదలుపెట్టకండి. యాభై ఆరు అక్షరాల వరస చూడగానే సగం మందికి దడ పుడుతుంది. వాళ్లకు ఇప్పటికే వచ్చినదాంతో మొదలుపెట్టండి. ఫోనులో కూతురి నంబరు నొక్కగలిగిన మనిషికి అంకెలు వచ్చినట్టే. నోట్లు గుర్తుపడతారు, బస్సు నంబరు గుర్తుపడతారు, పాల లెక్క నోటితో చెప్తారు. కాబట్టి మొదటి రోజు పాసు పుస్తకం తెరిపించి, "మీరు పోయిన నెల కట్టిన పొదుపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి" అనండి. 200 అన్న అంకె దొరకగానే ముఖాలు మారిపోతాయి. ఆ అంకె పైన ఉన్న మాట ఏమిటి? "పొదుపు." వాళ్లు చదివే మొదటి మాట అదే అవ్వనివ్వండి. తర్వాత అప్పు, వడ్డీ, వాయిదా, నిల్వ, తేదీ. ఈ ఆరు మాటలూ వస్తే పాసు పుస్తకం చదవడం వచ్చినట్టే.

పేరు రాయడం దాని తర్వాత. ఇక్కడ చిన్న చిక్కుంది. రమ, సీత అని పేరున్న వాళ్లు రెండు రోజుల్లో నేర్చుకుంటారు. లక్ష్మికి మాత్రం తన పేరే గండం: క, దాని కింద ష, దాని కింద మ, పైన గుడి. ఊళ్లో సగం మంది లక్ష్ములే! వాళ్లను ముందు వేరే మాటలు రాయనిచ్చి, ఒత్తులు అలవాటయ్యాక పేరు దగ్గరికి రండి. సంతకం అందరికీ వచ్చు కదా అంటారేమో. అది బొమ్మలా గీయడం. ఆ సంతకంలోని ఒక్క అక్షరాన్ని విడిగా రాసి చూపిస్తే గుర్తుపట్టలేని వాళ్లు చాలామంది ఉన్నారు.

నా గట్టి అభిప్రాయం ఒకటి చెప్తాను. సంతకం నేర్పి ఆపేసే చదువు వేలిముద్ర కంటే ప్రమాదం. వేలిముద్ర వేసే మనిషికి ఎవరో ఒకరు కాగితం చదివి వినిపిస్తారు, సాక్షిని పెడతారు. సంతకం పెట్టేసరికి చదువు వచ్చనుకుని కాగితం ముందుకు తోసేస్తారు.

చేయి తిరగడం గురించి టెన్షన్ వద్దు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసే చేతికి ర, ద, వ ఒక లెక్కా? తెలుగు అక్షరాలన్నీ గుండ్రమే. పలక కంటే ముందు నేల మీద ముగ్గుపిండితో పెద్ద పెద్ద అక్షరాలు వేయించండి. మా పిన్ని వేసిన "ద" నా "ద" కంటే అందంగా ఉంటుంది.

చింతపిక్కలతో వడ్డీ లెక్క

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. దీనికి రెండు మూడు మీటింగులు పట్టినా ఫర్వాలేదు.

నూటికి రూపాయి, నూటికి రెండు అన్న లెక్క మన ఆడవాళ్లకు మనకంటే బాగా తెలుసు. ఏడాదికి శాతం అనే భాషే తెలియదు. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, నూటికి రెండు అంటే 24 శాతం. పన్నెండుతో గుణించడమే. బ్యాంకు కాగితం మీద శాతం కనపడితే పన్నెండుతో భాగించి మన లెక్కలోకి తెచ్చుకోమని చెప్పండి.

ఇప్పుడు పన్నెండు చింతపిక్కలు మధ్యలో పెట్టండి. ఒక్కో పిక్క వెయ్యి రూపాయలు. సంఘంలో ఒకామె 12,000 తీసుకుంది, నూటికి రూపాయి వడ్డీ, నెలకు వెయ్యి చొప్పున అసలు తీరుస్తుంది. మొదటి నెల ముందున్నవి పన్నెండు పిక్కలు, వడ్డీ 120. ఒక పిక్క తీసేయండి. రెండో నెల పదకొండు పిక్కలు, వడ్డీ 110. ఇంకోటి తీయండి, 100. ఇలా చివరి పిక్కకు 10 రూపాయలు. మొత్తం కూడమనండి. ఎవరో ఒకరు నోటితోనే చెప్పేస్తారు: 780.

అదే 12,000 బయట ఇంకొకరు "మాదీ నూటికి రూపాయే అక్కా" అంటూ ఇచ్చారు. కానీ అసలు తగ్గుతున్నా ప్రతి నెలా 120 వడ్డీ తీసుకున్నారు. పిక్కలు తగ్గినా వడ్డీ తగ్గలేదు. పన్నెండు నెలలకు 1,440. రెండిటికీ తేడా 660 రూపాయలు. ఫ్లాట్ వడ్డీ అంటే ఇదే. ఈ మాట చెప్పి వివరిస్తే ఎవరికీ గుర్తుండదు. చేతిలో నాలుగు పిక్కలే మిగిలి ఉండగా పన్నెండు పిక్కల వడ్డీ కట్టమంటే అందరికీ ఒళ్లు మండుతుంది, అప్పుడు గుర్తుంటుంది.

ఉత్సాహంగా ఉన్న సంఘమైతే రోజువారీ ఫైనాన్సు లెక్క కూడా వేయించండి. చేతికి 9,000 ఇచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. "వెయ్యి రూపాయలే గదా" అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూనే ఉంటుంది కాబట్టి మన లెక్కలో అది నెలకు నూటికి ఆరు రూపాయలు దాటుతుంది. కూరగాయల బండి పెట్టుకున్న ఒక వదిన ఈ లెక్క విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి మీటింగులో సంఘం అప్పు అడిగింది.

తీర్మానం వంతులవారీగా రాయాలి

మూడు నాలుగు నెలలు గడిచాక మినిట్స్ పుస్తకం సభ్యుల చేతికి రావాలి. ఒక్కో మీటింగుకు ఒక్కొక్కరు రాయాలి. ఎంత చిన్నదైనా సరే. మా సంఘంలో మొదటిసారి ఒక సభ్యురాలు తన చేత్తో రాసింది ఇంతే: "ఈ రోజు పది మందిలో తొమ్మిది మంది వచ్చారు. రాని ఆమె డబ్బు కూతురితో పంపింది. పొదుపు 2,000. అప్పు కావాలని ఇద్దరు అడిగారు. గేదె చచ్చిపోయిన ఆమెకు ముందు ఇద్దామని అందరూ ఒప్పుకున్నారు." అప్పటిదాకా నేను రాసిన తీర్మానాల్లో "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఏ సంగతి మీద ఎందుకు నిర్ణయం తీసుకున్నారో ఆమె రాసిన అయిదు వాక్యాల్లోనే ఉంది.

రాసింది మీటింగు ముగిసే ముందు గట్టిగా చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకాలు. ఖాళీ పేజీ కింద ముందే సంతకాలు తీసుకునే అలవాటు ఎక్కడున్నా ఆపించండి. "బ్యాంకుకు టైమైపోతోంది, సంతకాలు పెట్టండి, తర్వాత రాసుకుంటాం" అనే మాటతోనే చాలా సంఘాల్లో గొడవలు మొదలయ్యాయి.

ఇక్కడ కొంత ఎదురుగాలి ఉంటుంది. ఇన్నాళ్లూ పుస్తకం చేతిలో ఉన్న లీడరుకు, "ఇప్పుడు నన్ను నమ్మరా?" అనిపిస్తుంది. అది సహజం. ఆమెనే మొదటి టీచరును చేయండి. బ్యాంకుకు ఎన్నిసార్లు తిరిగిందో, చార్జీలు చేతి నుంచి ఎంత పెట్టుకుందో అందరికీ చెప్పనివ్వండి. చదవడం వచ్చిన సభ్యులుంటే ఆ భారం పంచుకుంటారు. అయినా ఒప్పుకోకపోతే మాత్రం లీడర్లను మార్చే తీర్మానం చేసుకునే హక్కు సంఘానికి ఉంది. అసలు లెక్క తేడా ఉన్నచోటే పుస్తకం చూపించడానికి ఇబ్బంది ఎక్కువ. ఇది నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

బ్యాంకు కాగితాలు కూడా ఇలాగే చదివించండి. 10 లక్షల దాకా సంఘం లోనుకు తాకట్టు అడగకూడదని, పొదుపు ఖాతాలోని డబ్బు వాడుకోనివ్వకుండా ఆపి ఉంచకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఈ రెండు వాక్యాలూ పెద్ద అక్షరాలతో రాసి మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో అంటించుకోండి.

పుస్తకం నుంచి ఊరి పనిలోకి

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పాఠాల్లో తాగుడు వల్ల సంసారం చితికిపోయిన సీతమ్మ కథ ఒకటి ఉండేది. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్లకు అది పాఠంలా కాక, తమ ఇంటి సంగతిలా వినిపించింది. మరి మన ఊళ్లో సారా దుకాణం మాటేమిటని ఒకరినొకరు అడిగారు. 1992లో దాన్ని మూయించారు. ఆ పోరాటంలో ముందున్న వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. ఊరూరా ఆడవాళ్లు కదిలాక 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అదే జిల్లాలో రోజుకు రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలూ పుట్టాయి. మద్యం కథ ఆ తర్వాత ఎటు పోయిందో మనకు తెలిసిందే, దాని జోలికి ఇప్పుడు వెళ్లను.

మీరు అంత పెద్దది ఎత్తుకోవాలని కాదు. మొదటిసారి చిన్నది, ఊళ్లోనే తేలేది పట్టుకోండి. అంగన్‌వాడీకి నీళ్లు లేవు, బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు, వీధి చివర లైటు వెలగదు, ఇలాంటివి. నెలలో తేలిపోయే పనైతే సంఘానికి ధైర్యం వస్తుంది. మొదటే పట్టా భూముల తగాదాలో తలదూరిస్తే ఏడాది తిరిగేసరికి సంఘమే రెండు ముక్కలవుతుంది.

పద్ధతి ఇది. సంగతిని మీటింగులో మాట్లాడి తీర్మానం రాయండి. ఆ తీర్మానాన్నే అర్జీగా తిరగరాసి అందరూ సంతకాలు పెట్టండి. ఇద్దరు ముగ్గురు కలిసి పంచాయతీకి వెళ్లి ఇవ్వండి. రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు, అది లేకపోతే అర్జీ ఇచ్చినట్టే కాదు. గ్రామసభ రోజు తీర్మానం రాసిన ఆమే లేచి చదవాలి. మొదటిసారి గొంతు వణుకుతుంది, కాబట్టి ముందు రోజు మీటింగులో రెండుసార్లు చదివించండి. పని కదలకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద "మా అర్జీ ఏ దశలో ఉంది?" అని ఒక దరఖాస్తు పెట్టండి. ఆంధ్ర, తెలంగాణల్లో గ్రామ స్థాయిలో దీనికి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంకా చదువుతానంటే

ప్రతి సంఘంలో ఒకరిద్దరికి ఈ చదువు సరిపోదు. అసలు బడి మొహం చూడని వాళ్లయితే, 15 ఏళ్లు దాటిన వాళ్ల కోసం 2022లో మొదలైన ఉల్లాస్ కార్యక్రమంలో పేరు రాయించండి. చదవడం, రాయడం, లెక్కల మీద పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ఏడులోనో ఎనిమిదిలోనో పెళ్లి చేసి బడి మాన్పించిన వాళ్లుంటే ఓపెన్ స్కూల్లో పది కట్టించండి. 14 ఏళ్లు నిండితే చాలు, పైన ఎంత వయసైనా ఫర్వాలేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పాసవ్వాలని లేదు. ఫీజు కోసం సంఘంలో చిన్న అప్పు ఇవ్వొచ్చు. గేదెకు అప్పిచ్చే సంఘం పరీక్ష ఫీజుకు ఎందుకు ఇవ్వకూడదు? అత్తగారు ఒప్పుకోకపోతే అత్తగారి వయసు సభ్యురాలిని మాట్లాడమనండి. మీరు వెళ్తే పనవదు.

మధ్యలో ఆగితే

ఆగుతుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు, సంక్రాంతికి ముందూ వెనకా రెండేసి వారాలు, ఊళ్లో పెళ్లిళ్లు పడ్డప్పుడు ఎవరూ రారు. ఆ రోజుల్లో పొదుపు వసూలు చేసి పంపేయండి, పాఠం ఊసెత్తవద్దు. మళ్లీ కూర్చున్న మొదటి రోజు కొత్త అక్షరాలు వద్దు. అందరి చేతా పాసు పుస్తకాలు తెరిపించి, ఆగిన నెలల్లో కట్టింది కట్టినట్టు పడిందో లేదో ఒక్కొక్కరినీ వేలు పెట్టి చదవమనండి. ఎక్కడైనా గడి ఖాళీగా కనపడితే అడగమనండి. పోయినసారి మా పిన్ని అలాగే అడిగింది. ఈసారి ఆ గడి ఖాళీగా ఉండాల్సిందే, ఆ నెల ఆమె వాయిదా కట్టలేదు. "ఓ, అవును గదా" అని నవ్వి పుస్తకం మూసింది.